ఆల్ఫా తరంగాలు పెరిగితే చదువు మీద ధ్యాస పెరుగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పుస్తకం ముందు 10 నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు, చదివింది గుర్తుండటం లేదంటున్నాడు. ఎవరో చెబితే ఒక బ్రెయిన్ ట్రైనింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. వాళ్ళు నుదుటికి ఒక బ్యాండ్ కట్టి, 5 నిమిషాలు ల్యాప్‌టాప్‌లో చూసి, "ఆల్ఫా తక్కువగా ఉంది, 30 సిట్టింగుల్లో పెంచుతాం, ఏకాగ్రతా జ్ఞాపకశక్తీ రెండూ వస్తాయి" అన్నారు. ఇది నిజమేనా, అసలు మనసు పెట్టి చదివేటప్పుడు మెదడులో ఏ తరంగాలుంటాయి అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ డబ్బు కట్టకండి. ఆల్ఫా అనేది మెదడు విద్యుత్తులో కనిపించే ఒక రకం అల, అది ఏకాగ్రత తరంగం కాదు. కళ్ళు మూసుకుని, మెలకువగా, ఏ పనీ లేకుండా కూర్చున్నవాళ్ళకి తల వెనక భాగంలో అది అన్నిటికంటే బాగా కనిపిస్తుంది. అదే మనిషికి ఒక కష్టమైన లెక్క ఇస్తే సాధారణంగా అది తగ్గుతుంది. అలాగని ఆల్ఫా తగ్గడమే మంచిదనీ కాదు. కొన్ని రకాల జ్ఞాపకం పనుల్లో అది పెరుగుతుంది కూడా. అందుకే "తక్కువ ఉంది, పెంచుతాం" అన్న మాటకి అర్థమే లేదు. ఎక్కడ తక్కువ, ఏం చేస్తున్నప్పుడు తక్కువ, ఎవరితో పోలిస్తే తక్కువ?

నేను డాక్టర్ని కాను, ఈఈజీ (మెదడు విద్యుత్తుని తల పైనుంచి నమోదు చేసే పరీక్ష) టెక్నాలజిస్టుని. హైదరాబాదులో ఒక న్యూరాలజీ విభాగంలో 22 ఏళ్ళుగా జనం తలలకి ఎలక్ట్రోడ్లు అంటిస్తున్నాను. మధ్యలో నాలుగేళ్ళు, శ్రద్ధ మీదా జ్ఞాపకం మీదా పరిశోధన చేసేవాళ్ళకి రికార్డింగులు తీసిపెట్టాను. కింద రాసేదంతా ఆ రెండు అనుభవాల్లోంచి.

మేం నిజానికి ఏం కొలుస్తామో ముందు చెప్పాలి. మెదడు పైపొరలో లక్షల నాడీకణాలు ఒకే లయలో ఊగితే, ఆ విద్యుత్తులో ఓ పిసరు పుర్రెనీ చర్మాన్నీ దాటి మాదాకా వస్తుంది. పెద్దవాళ్ళలో 10 నుంచి 100 మైక్రోవోల్టులు, అంతే. ఈసీజీలో గుండె ఇచ్చేది మిల్లీవోల్టు, అంటే దీనికి పదింతల నుంచి వందింతలు. ఇంత సన్నటి సంకేతం కాబట్టే రెప్ప కొట్టినా, గుటక వేసినా, నాలుక కదిపినా గీతలో పడుతుంది. ఓసారి ఒక పెద్దావిడ రికార్డింగులో ముందువైపు పెద్ద పెద్ద నెమ్మది అలలు వస్తున్నాయి. కంగారుగా లోపలికెళ్ళి చూస్తే ఆవిడ పెదవులు మూసుకుని లోలోపల విష్ణుసహస్రనామం చదువుకుంటున్నారు. నాలుకకీ సొంత విద్యుత్తు ఉంటుంది మరి. "రెండు నిమిషాలు ఆగండమ్మా" అంటే "మధ్యలో ఆపకూడదు నాయనా" అన్నారు. ఆపలేదు కూడా.

ఆ అలల్ని వేగాన్ని బట్టి పేర్లు పెట్టి పిలుస్తాం. సెకనుకి 4 కంటే తక్కువైతే డెల్టా, 4 నుంచి 8 తీటా, 8 నుంచి 13 ఆల్ఫా, 13 నుంచి 30 బీటా, ఆపైన గామా. ఈ హద్దులు మనం గీసుకున్నవి, మెదడు గీసినవి కావు. ఏ క్షణంలో చూసినా అన్నీ కలిసే ఉంటాయి. "ఇప్పుడు మీరు ఆల్ఫా స్థితిలో ఉన్నారు" అని ఎవరైనా అంటే, వంట గదిలోంచి వచ్చే వాసనల్లో ఇంగువ ఒక్కటే పట్టుకుని ఇవాళ వండింది ఇంగువ అన్నట్టు ఉంటుంది.

ఆల్ఫా సంగతి కొత్తగా కనిపెట్టిందేం కాదు. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మనోవైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాల్ని నమోదు చేశాడు. అయిదేళ్ళు తనని తానే అనుమానించుకుని 1929లో బయటపెట్టాడు. సొంత కొడుకు క్లౌస్ తల మీద కూడా చాలాసార్లు ప్రయత్నించాడు. కళ్ళు తెరిచినా, మనసులో లెక్క కట్టించినా ఆల్ఫా అణిగిపోవడాన్ని గమనించింది ఆయనే. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ తలల మీదే పెట్టుకుని చూసి, అవునన్నాక గానీ లోకం ఒప్పుకోలేదు. మీకు పనికొచ్చే ముక్క ఇక్కడే ఉంది. ఏడ్రియన్ కళ్ళు మూస్తే చాలు, ఆల్ఫా వరసగా వచ్చేది. మాథ్యూస్‌కి ఒక్కోసారి మొదట్లో అసలు వచ్చేదే కాదు, వచ్చినా ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆ కొలతలకి కావలసిన యాంప్లిఫయర్లు కట్టిన ఇంజనీరు బుర్ర ఆ మాథ్యూస్‌దే. ఆయన్ని ఆ సెంటర్‌కి తీసుకెళ్తే 30 సిట్టింగులు రాసేవాళ్ళు!

మా ల్యాబ్‌లోనూ రోజూ చూస్తాను. ఆరోగ్యంగా ఉండి, తెలివిగా మాట్లాడేవాళ్ళలోనే ఆల్ఫా పెద్దగా కనపడనివాళ్ళు ఉంటారు. అదొక రోగం కాదు, లోపం కాదు.

ఇక మనసు పెట్టినప్పుడు నిజంగా ఏం మారుతుంది?

పరిశోధనలో మేం ఎక్కువగా వాడిన పరీక్షని ఎన్-బ్యాక్ అంటారు. తెర మీద ఒక్కొక్కటే అక్షరాలు వస్తుంటాయి. ఇప్పుడు వచ్చింది రెండు అక్షరాల వెనక వచ్చినదేనా కాదా చెప్పాలి. ప్రతి అక్షరానికీ పాతదాన్ని తీసేయాలి, కొత్తది పెట్టుకోవాలి, పోల్చాలి. "రెండు వెనక" వరకు నవ్వుతూ చేస్తారు. "మూడు వెనక" అనగానే కుర్చీలో ముందుకి జరుగుతారు. సరిగ్గా అప్పుడే, నుదుటి పైన తల మధ్యలో మేం ఎఫ్‌జడ్ అని పిలిచే చోట, సెకనుకి 6 చొప్పున నున్నటి తీటా అలలు గుంపులుగా వస్తాయి. దీన్ని జపాన్ పరిశోధకులు 1972లో మనసులో లెక్కలు చేసేవాళ్ళలో చూసి, నుదుటి మధ్యరేఖ తీటా అని పేరు పెట్టారు. 1997లో అమెరికాలో గెవిన్స్ బృందం ఇదే ఎన్-బ్యాక్‌తో చూపించింది: పని బరువెక్కే కొద్దీ ఆ తీటా పెరుగుతుంది, ఆల్ఫా తగ్గుతుంది.

అందరిలో ఒకేలా కనపడుతుందా అంటే, లేదు. కొందరిలో గీత చూడగానే తెలిసిపోతుంది, కొందరిలో పదుల ప్రయత్నాల సగటు తీస్తే గానీ బయటపడదు. ఒక చార్టర్డ్ అకౌంటెంటుగారు వాలంటీరుగా వచ్చారు. 100లోంచి 7 తీసేస్తూ పొమ్మంటే గడగడా చెప్పేశారు, తీటాలో చలనం లేదు. పాలవాడి లెక్క చూసుకున్నట్టు చేశారాయన. 17వ ఎక్కాన్ని వెనక నుంచి చెప్పమన్నాం. అప్పుడొచ్చింది తీటా, ఆయన నుదుటి మీద ముడతతో పాటే. కాబట్టి ఆ అల చెప్పేది తెలివి ఎంతుందని కాదు, ఆ మనిషి ఇప్పుడు ఎంత ప్రయాస పడుతున్నాడని. బాగా వచ్చిన పనికి ప్రయాస అక్కర్లేదు.

ఇందులో ఒక తిరకాసుంది, ఆ సెంటర్లవాళ్ళు ఎప్పుడూ చెప్పనిది. తీటా రెండు రకాలు. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కూడా తీటా పెరుగుతుంది. అది తలంతా పరుచుకుని, నలిగినట్టు, నెమ్మదిగా వస్తుంది. ఏకాగ్రత తీటా మధ్యరేఖ మీద, నున్నగా, కొన్ని సెకన్లు వచ్చి పోతుంది. రెండూ అదే 4 నుంచి 8 గడిలోకి వస్తాయి. రెండు ఎలక్ట్రోడ్లున్న బ్యాండుకి, పైగా నుదుటి మీద వెంట్రుకలు లేని చోట పెట్టేదానికి, కునుకు తీటాకీ కృషి తీటాకీ తేడా తెలియదు. అది ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెని చూసి నిద్రమొహంతో ఉన్న పిల్లాడిని ధ్యానంలో ఉన్నాడనవచ్చు, చెమటోడుస్తున్నవాడిని నిద్రపోతున్నాడనవచ్చు.

ఇప్పుడు జ్ఞాపకం. మీవాడు చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పేటప్పుడు గుర్తుందా, కళ్ళు గట్టిగా మూసుకోవడమో, ఇంటి కప్పు వైపు చూడటమో చేసేవాడు కదా. ఎదురుగా ఉన్నదాన్ని ఆపేస్తే గానీ లోపలున్నది అందదు. మెదడు అదే పని తలుపులు మూసి చేస్తుంది, ఆ తలుపు వేసిన చప్పుడే చాలాసార్లు ఆల్ఫా. 2002లో యెన్సెన్ బృందం ఒక పరీక్ష చేసింది. కొన్ని అక్షరాలు చూపించి, తీసేసి, కొద్ది సెకన్లు మనసులో పట్టుకోమని, తర్వాత ఒక అక్షరం చూపించి ఇది అందులో ఉందా అని అడుగుతారు. ఆ పట్టుకుని ఉండే సెకన్లలో, అక్షరాలు ఎక్కువయ్యే కొద్దీ తల వెనక ఆల్ఫా పెరిగింది. చూపు భాగానికి పనిలేదు, పైగా కొత్తది చూస్తే పాతది చెదురుతుంది, అందుకని దాన్ని కాసేపు అణచిపెట్టి ఉంచుతుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. శ్రద్ధలోనూ ఇంతే. చూపు కదపకుండా ఎడమవైపు మాత్రమే గమనించమంటే, కుడివైపు దృశ్యాన్ని చూసుకునే ఎడమ అర్ధగోళంలో ఆల్ఫా పెరుగుతుంది, రెండో అర్ధగోళంలో తగ్గుతుంది. ఒకే తలలో, ఒకే క్షణంలో, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మరి "మీ ఆల్ఫా ఇంత" అని ఒక్క అంకె ఎలా ఇస్తారు?

అసలు ఆల్ఫాకి ఈ గొప్ప పేరు ఎలా వచ్చిందో నాకు తెలిసింది చెబుతాను. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ అనే శాస్త్రవేత్తలు యోగుల ఈఈజీ ప్రచురించారు. మామూలు మనిషి ఒంటికి చల్లటిదో వేడిదో తగిలితే ఆల్ఫా ఆగిపోతుంది. సమాధిలో ఉన్న ఆ యోగులకి ఆగలేదు. ఇంకో ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లటి నీళ్ళలో చెయ్యి ముంచి 45 నిమిషాల పైన కూర్చున్నా వాళ్ళ ఆల్ఫా అలాగే ఉంది. గట్టి పని అది, నాకు చాలా గౌరవం. కానీ వాళ్ళు సాధించింది బయటి ప్రపంచాన్ని లోపలికి రానివ్వకపోవడం. మీవాడికి కావలసింది పుస్తకంలోని రొటేషనల్ మోషన్‌ని లోపలికి రానివ్వడం. రెండూ ఒకటి కాదు. ఆ తర్వాతి కాలంలో అమెరికాలో ఆల్ఫా శిక్షణ ఒక ఫ్యాషన్ అయింది, ఆ గాలే ఇప్పటికీ మన సందుల్లోకి వీస్తోంది.

మన దగ్గర జ్ఞాపకం అనగానే అవధానం గుర్తొస్తుంది. ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నా. అవధాని ఒక పక్క సమస్య పూరిస్తూ, దత్తపదులు సర్దుతూ, నిషిద్ధాక్షరి దాటుకుంటూ, అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులిస్తూ, ఇంకో పక్క ఘంటాగణనంలో గంటలు లెక్కపెట్టుకుంటారు. మనం ల్యాబులో ఇచ్చే పరీక్షలు దీని ముందు పిల్లాట. అయితే ఆయన అక్షరాల్ని విడివిడిగా మోయరు. మామూలు మనిషి మనసులో ఒక్కసారిగా పట్టుకోగలిగేది నాలుగైదు సంగతులే. 1956లో మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడు, రెండు అటూ ఇటూ అన్నాడు గానీ, తర్వాతి లెక్కలు నాలుగు దగ్గర ఆగాయి. ఉత్పలమాల గణాలు రక్తంలో ఉన్నవాళ్ళకి ఒక పాదం 20 అక్షరాలు కాదు, ఒక్క మూట. మీవాడికి ఆల్ఫా కంటే ఈ మూటకట్టే విద్య ఎక్కువ పనికొస్తుంది. సూత్రాలు విడిగా బట్టీ పట్టేబదులు ఒకదాన్నుంచి ఇంకోటి రాబట్టడం అలవాటైతే మోయాల్సిన బరువే తగ్గుతుంది.

గామా గురించి కూడా సెంటర్లవాళ్ళు చెప్పే ఉంటారు. తీటా ఒక్కో అలలో గామా అలలు కొన్ని ఇముడుతాయనీ, ఒక్కో గామా ఒక్కో సంగతిని మోస్తుందనీ, అందుకే మన పట్టు ఏడు దగ్గర, కాస్త అటూ ఇటూగా, ఆగుతుందనీ 1995లో లిస్మన్, ఇడియార్ట్ ఒక సిద్ధాంతం చెప్పారు. అందమైన ఊహ. జంతువుల మెదడు లోపల పెట్టిన ఎలక్ట్రోడ్లలో తీటా మీద గామా ఎక్కి రావడం కనపడుతుంది. తల పైనుంచి తీసే గామాని మాత్రం నేను నమ్మను. 2007లో ఆస్ట్రేలియాలో కొందరు వాలంటీర్లకి కండరాలు పూర్తిగా కదలకుండా మందిచ్చి, స్పృహలో ఉండగానే ఈఈజీ తీశారు. సెకనుకి 20 కంటే వేగంగా ఉండే సంకేతం బాగా పడిపోయింది. అంటే అన్నాళ్ళూ మెదడు అనుకున్నదాంట్లో చాలావరకు నుదుటి కండరాలు, దవడ కండరాలు. మా దగ్గరికి ఒక బీటెక్ కుర్రాడొచ్చాడు, ఎక్కడో తీసిన రిపోర్టులో "హై బీటా, యాంగ్జైటీ" అని రాసుంది. నేను తీసేటప్పుడూ బీటా ఎక్కువే కనిపించింది. "నోరు కాస్త తెరిచి దవడ వదిలెయ్ బాబూ" అన్నాను. పోయింది. రిపోర్టు చూసుకుని మరీ పళ్ళు బిగపట్టుకున్నట్టున్నాడు పాపం.

ఈఈజీని కంప్యూటర్ రంగులుగా మార్చి తల బొమ్మ మీద వేసే మ్యాపుల గురించి ఒక మాట. ఒక తల్లి తొమ్మిదేళ్ళ పాప మ్యాపు తెచ్చారు, తలంతా ఎర్రగా ఉంది, "తీటా అధికం, శ్రద్ధ లోపం" అని. అసలు గీతలు అడిగి తెప్పించుకుని చూశాం. పాప సగం రికార్డింగు జోగుతోంది. మధ్యాహ్నం భోజనం చేశాక తీశారట. కంప్యూటర్ రంగు వేయడంలో తప్పేం లేదు, నిద్రని నిద్ర అని గుర్తుపట్టే కన్ను లేదు. పిల్లల్లో శ్రద్ధ లోపాన్ని తీటా, బీటా నిష్పత్తితో తేల్చే పద్ధతికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది, వైద్యుడి పరీక్షకి తోడుగా మాత్రమే. 2016లో అక్కడి న్యూరాలజీ అకాడమీయే దాన్ని నమ్ముకుని నిర్ధారణ చేయొద్దని చెప్పింది. ఆ నిష్పత్తిని సరిచేస్తామనే శిక్షణని 144 మంది పిల్లల మీద, సగానికి పైగా అసలు శిక్షణ, మిగిలినవాళ్ళకి ఉత్తుత్తి శిక్షణ ఇచ్చి, ఎవరికి ఏదన్నది ఇంట్లోవాళ్ళకీ తెలియకుండా పరీక్షించారు. 2021లో ఫలితం వచ్చింది. రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు సమానంగా. అంటే వారం వారం ఒకచోట కుదురుగా కూర్చోబెట్టి, మెచ్చుకుని, నిద్ర గురించీ తిండి గురించీ చెబితే ఎవరికైనా కొంత మేలు జరుగుతుంది. దానికి బ్యాండు అక్కర్లేదు.

చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఇలాంటి బ్యాండ్లు పిల్లలకి పెట్టారు. శ్రద్ధగా ఉంటే నుదుటి మీద ఎర్ర లైటు, దారి తప్పితే నీలం, అంకెలు టీచర్ కంప్యూటర్‌కి. 2019లో ఆ వీడియో బయటికొచ్చాక గోల జరిగి ఆపేశారు. ఆ పిల్లల్లో ఎంతమంది నొసలు చిట్లిస్తే ఎర్ర లైటు వెలుగుతుందని కనిపెట్టి ఉంటారో! నేనైతే కనిపెట్టేవాడిని.

మీవాడి సంగతికొస్తే, నేను ముందు అడిగేది నిద్ర. రెసిడెన్షియల్ కాలేజీ పిల్లలు వాలంటీర్లుగా వచ్చినప్పుడు ఒకే బొమ్మ చూశాను. కళ్ళు మూసుకోమన్న రెండు నిమిషాల్లో ఆల్ఫా ముక్కలైపోయి, నెమ్మది తీటా పరుచుకుని, తల నడినెత్తిన నిద్ర మొదటి మెట్టులో వచ్చే మొన తేలిన అలలు వచ్చేస్తాయి. పొద్దున 5కి స్టడీ అవర్, రాత్రి 11 దాకా స్టడీ అవర్. ఆ బుర్రకి ఏకాగ్రత లేదని తిడితే ఏం లాభం. ఆ స్థితిలో ఆల్ఫా తక్కువగా కనిపించడం మామూలే, దానికి మందు 8 గంటల నిద్ర. రెండు వారాలు అది ఇచ్చి, చదివే గదిలో ఫోన్ లేకుండా చేసి, 25 నిమిషాలకోసారి పుస్తకం మూసి చదివింది తెల్లకాగితం మీద రాయమనండి. అప్పటికీ మార్పు లేకపోతే మనోవైద్యుడినో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. దిగులు కూడా పిల్లల్లో ఇలాగే కనిపిస్తుంది.

ఈఈజీ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది, అది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో 5, 10 సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోవడం, పిలిచినా పలకకపోవడం, రెప్పలు టపటపలాడటం, మళ్ళీ ఏమీ జరగనట్టు కొనసాగించడం. అయిదో తరగతి పాపనొకదాన్ని "క్లాసులో పరధ్యానం, డిక్టేషన్‌లో పదాలు వదిలేస్తుంది" అని తీసుకొచ్చారు. ఏడాదిగా తిట్లు, దెబ్బలు. మా దగ్గర మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాం, అది మామూలు పరీక్షలో భాగమే. రెండో నిమిషంలో ఊదడం ఆపేసి చూస్తూ ఉండిపోయింది. తెర మీద సెకనుకి 3 చొప్పున ఒక మొన, ఒక అల జంటగా తలంతా. ఆబ్సెన్స్ మూర్ఛ. మాత్రలతో తగ్గింది. మీవాడి వయసులోనూ ఇది మొదలవవచ్చు, కాబట్టి ఒక వారం గమనించి చూడండి. అలాంటిదేమైనా కనిపిస్తే సెంటర్‌కి కాదు, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఆయన ఈఈజీ రాస్తే, ముందురోజు షాంపూతో తలస్నానం చేయించి, నూనె రాయకుండా పంపండి. కొబ్బరినూనె తలకి ఎలక్ట్రోడ్ అంటించడం ఎంత కష్టమో మాకే తెలుసు.